వేదిక దిగిన పాఠం

అమెరికా కాలేజీల్లో ఇంటర్‌పర్సనల్ కమ్యూనికేషన్ అనే కోర్సు ఏనాటి నుంచో ఉంది. ఇద్దరు మనుషులు ఎలా మాట్లాడుకుంటారు, ఎలా దగ్గరవుతారు, ఎక్కడ మాట తేడా వచ్చి బెడిసికొడుతుంది అన్నవి అందులో పాఠాలు. వింటే మనవాళ్లకు నవ్వొస్తుంది, మాట్లాడటం కూడా ఫీజు కట్టి నేర్చుకోవాలా అని. నవ్వడంలో తప్పేమీ లేదు. కానీ ఆ కోర్సు ఎలా పుట్టిందో చూస్తే, ఇల్లు నేర్పే మాట వేరు, అది నేర్పబోయిన మాట వేరు అని తేలుతుంది. ఇంట్లో మనకు వచ్చేది వరస తెలిసినవాళ్లతో మాట్లాడటం. వరస తెలియని చోట, లేదా ఉన్న హెచ్చుతగ్గులను పాటించకూడదనుకున్న చోట, మాట ఎలా కలపాలి? ఈ ప్రశ్న కాలేజీ గది దాకా రావడానికి చాలా కాలమే పట్టింది.

మొదట్లో అక్కడి కాలేజీల్లో నేర్పింది ఉపన్యాసం. 1806లో గిల్బర్ట్ ఆస్టిన్ ప్రచురించిన ‘కైరోనోమియా’లో వక్త చెయ్యి ఎంత ఎత్తాలో, పాదం ఎటు తిప్పాలో బొమ్మలు గీసి మరీ చూపించారు. పంతొమ్మిదో శతాబ్దమంతా నడిచిన ఎలొక్యూషన్ చదువు ఇలాంటిదే: గొంతు, భంగిమ, చేతి విసురు. ఉపన్యాస విద్యకు విశ్వవిద్యాలయంలో సొంత కుర్చీ కావాలని 1914లో షికాగోలో 17 మంది అధ్యాపకులు ఇంగ్లిష్ టీచర్ల సంఘం నుంచి విడిపోయి వేరు కుంపటి పెట్టుకున్నారు. మరుసటి ఏడే ఒక పత్రిక కూడా మొదలుపెట్టారు. అయితే కుంపటి వేరైనా వంట మారలేదు. ఒకరు మాట్లాడతారు, నలుగురు వింటారు, గెలుపు వక్తది. డేల్ కార్నెగీ 1912 నుంచి న్యూయార్క్ వై.ఎం.సి.ఎ.లో గుమాస్తాలకూ సేల్స్‌మెన్‌కూ చెప్పిన పాఠాలు మొదలైంది కూడా ఉపన్యాసంతోనే. 1936 నాటి ఆయన పుస్తకం వేదిక దిగి ఎదుటి మనిషి దగ్గరికి వచ్చిందనే చెప్పాలి. వచ్చింది మాత్రం అతణ్ణి తన వైపు తిప్పుకోవడానికే.

అసలు మలుపు 1946 వేసవిలో, కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ బ్రిటన్ అనే ఊళ్లో వచ్చింది. జాతి, మత దురభిమానాలను ఎదుర్కొనే కార్యకర్తలకు అక్కడి టీచర్ల కాలేజీలో శిక్షణ పెట్టారు. నడిపించినవాడు కర్ట్ లెవిన్, హిట్లర్ జర్మనీ వదిలి వచ్చిన యూదు మనస్తత్వ శాస్త్రవేత్త. పగలు చర్చలు జరిగేవి. ఎవరు ఎవరితో ఎలా మాట్లాడారో రాత్రి పరిశోధకులు తమలో తాము కూర్చుని చెప్పుకునేవారు. ఒక రాత్రి శిక్షణకు వచ్చినవాళ్లు కొందరు మేమూ కూర్చుంటామన్నారు. వాళ్ల ముందే వాళ్ల ప్రవర్తన గురించి ఎలా మాట్లాడతామని పరిశోధకుల్లో కొందరు జంకినా, లెవిన్ సరేనన్నాడు. తన గురించి చదివిన నోట్సు విని ఒకావిడ, అబ్బే, జరిగింది అది కాదని అడ్డు తగిలింది. పరిశీలకుడు చూసింది ఒకటి, ఆమె అనుకున్నది ఇంకొకటి, పక్కనున్నవాళ్లకు తోచింది మరొకటి. ఆ తర్వాత అందరూ రాత్రి సమావేశాలకే ఎగబడ్డారు. పగటి పాఠం కంటే రాత్రి తగువే ఎక్కువ నేర్పుతోందని నిర్వాహకులకు అర్థమైంది. ఇంజినీర్ల భాషలోని ఫీడ్‌బ్యాక్ అన్న మాట మనుషుల మాటల్లోకి వచ్చిన దారుల్లో ఇదొకటి. లెవిన్ 1947 ఫిబ్రవరిలో చనిపోయాడు. ఆ వేసవిలోనే అతని సహచరులు మెయిన్ రాష్ట్రంలోని బెతెల్‌లో ఇదే పద్ధతితో శిబిరం తెరిచారు. ఈ చదువు పుట్టింది ఉద్యోగాల వేటలో కాదనీ, ఒకరినొకరు మనుషులుగా చూడని సమాజం గొడవలోననీ గుర్తుంచుకోవాలి.

దానికి సిద్ధాంతం వైపు నుంచి బలం 1967లో వచ్చింది. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కుటుంబ కలహాలకు చికిత్స చేస్తున్న బృందం నుంచి పాల్ వాట్జ్‌లవిక్, జానెట్ బీవిన్, డాన్ జాక్సన్ ఒక పుస్తకం రాశారు. ప్రతి మాటలోనూ రెండు పొరలుంటాయన్నది వాళ్లు చెప్పిన సంగతుల్లో ఒకటి: మొదటిది విషయం, రెండోది మన మధ్య సంబంధం ఏమిటన్న సూచన. అత్తగారు “గడియ పెట్టావా?” అని అడిగిందనుకుందాం. విషయం తలుపు గడియ. రెండో పొర, ఈ ఇంట్లో ఎవరు ఎవర్ని తనిఖీ చేయవచ్చన్నది. కోడలు “పెట్టానత్తయ్యా” అంటే రెండింటికీ ఒప్పుకున్నట్టు. “పెట్టకుండా ఎలా ఉంటాను?” అంటే మొదటిదానికి ఔనని, రెండోదానికి కాదని. అసలు పోట్లాట గడియ గురించి కాదని ఇంట్లో అందరికీ తెలుసు, కానీ అందరూ గడియ గురించే అరుచుకుంటారు. ఈ తేడాను పేరు పెట్టి పట్టుకోవడం ఇల్లు నేర్పదు. కాలేజీలు మెల్లగా అటు కదిలాయి. 1914లో వేరుపడ్డ ఆ అధ్యాపకుల సంఘమే 1970లో తన పేరులో ‘కమ్యూనికేషన్’ చేర్చుకుంది. 1973 తర్వాత మూడు నాలుగేళ్లలో ఇద్దరి మధ్య మాట మీద పాఠ్యపుస్తకాలు వరసగా వచ్చాయి.

1975లో చార్ల్స్ బర్గర్, రిచర్డ్ కాలబ్రీస్ కొత్త పరిచయాల గురించి ఒక వాదం చేశారు. ఎదుటివాడు ఎలాంటివాడో తెలియని బెరుకును తగ్గించుకోవడానికే మొదటి మాటలన్నీ వాడతామని. ఇది మనకు కొత్తేమీ కాదు. రైల్లో ఎదుటి సీటులో కూర్చున్న పెద్దమనిషి “ఏ ఊరు బాబూ? ఇంటిపేరేంటి?” అని అడిగేది ఇందుకే. రెండు జవాబుల్లో ఊరూ కులమూ తెలిసిపోతాయి, వీలైతే వరస కూడా కలుస్తుంది, బెరుకు పోతుంది. కానీ అదే జవాబుతో ఒకణ్ణి దగ్గరికీ మరొకణ్ణి దూరానికీ నెట్టడం కూడా అయిపోతుంది. ఇంట్లో అబ్బే మాట తీరే చాలన్నవాళ్లు ఈ రెండో సగాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఇదంతా అమెరికన్ మధ్యతరగతి మర్యాదలే కదా, మనసులో ఉన్నది విప్పి చెప్పడమే ఆరోగ్యమన్నది వాళ్ల నమ్మకం కదా అన్న ఆక్షేపణ మాత్రం గట్టిదే. 1955 నాటి జొహారి కిటికీ అనే నమూనా, 1973 నాటి సోషల్ పెనిట్రేషన్ సిద్ధాంతం మనసు విప్పడానికి పెద్దపీట వేశాయి. ఊరుకోవడం గౌరవంగా చెల్లే ఇళ్లలో ఆ కొలత పనికిరాదు. అయితే ఆ కొలతను పారేసినా, మాటకు రెండో పొర ఉందన్న పరిశీలన నిలబడుతుంది. మౌనాన్ని చదవడానికి అదే కావాలి.

మన దగ్గరికి ఈ చదువు వచ్చిన దారి వేరు. ‘సాఫ్ట్ స్కిల్స్’ అనే మాట 1970ల మొదట్లో అమెరికన్ సైన్యం శిక్షణ విభాగంలో వాడుకలోకి వచ్చింది. యంత్రంతో చేసే పని కానిదల్లా ఆ మూటలో కట్టారు. కంపెనీల మీదుగా, ఐటీ కొలువుల మీదుగా ఆ మూటే మన ఇంజినీరింగ్ కాలేజీలకు చేరింది. జె.ఎన్.టి.యు. హైదరాబాద్ అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్ కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్‌లో ప్రెజెంటేషన్, గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ పాఠాలున్నాయి. అంటే వేదిక మీది విద్యే మళ్లీ వచ్చింది. దానితోపాటు ఒక అబద్ధం కూడా: మాటల విలువ 7 శాతమే, మిగతా 93 శాతం గొంతూ ముఖమూ అని ట్రైనర్లు స్లైడు వేసి చూపిస్తుంటారు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన రెండు చిన్న ప్రయోగాలు దీనికి మూలం. ఒకదానిలో వాడిన పదం ఒక్కటే, ‘మేబీ’. దాన్ని రకరకాల గొంతుల్లో వినిపిస్తూ, రకరకాల ముఖాల ఫొటోలు చూపించి, పలికినవాళ్లకు ఎదుటివారంటే ఇష్టమో అయిష్టమో చెప్పమన్నారు. ఇష్టాయిష్టాలకు మించి ఈ అంకెలు వర్తించవని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఆ మాట ఏ స్లైడులోనూ కనబడదు.

ముందు ఉద్యోగం రానివ్వండి, సంబంధాల సంగతి తర్వాత చూద్దామని కాలేజీలు అనవచ్చు. ఇంట్లో ఇంగ్లిష్ వినని కుర్రాడికి ఇంటర్వ్యూలో గొంతు వణక్కుండా ఉండటం చిన్న విషయం కాదు, ఆ ల్యాబ్ అతనికి మేలే చేస్తుంది. కానీ గ్రూప్ డిస్కషన్‌లో మార్కులు ఎవరికి వస్తాయో చూడండి. ముందు నోరు తెరిచినవాడికి, గొంతు పెద్దదైనవాడికి. పక్కవాడు అన్నదాన్ని సరిగ్గా విని, నువ్వన్నది ఇదేనా అని అడిగినవాడికి మార్కు వేసే గడి చాలా మార్కుల పట్టీల్లో కనిపించదు. ఆ గడి చేర్చడానికి కొత్త సిలబస్ అక్కర్లేదు. న్యూ బ్రిటన్‌లో రాత్రి చేసినట్టు, చర్చ అయ్యాక అందులో పాల్గొన్నవాళ్లనే మళ్లీ కూర్చోబెట్టి, ఎవరి మాట ఎవరికి ఎలా వినిపించిందో చెప్పించడానికి అరగంట చాలు.