సరౌండ్ ధ్వనివ్యవస్థ (గృహోపయోగము)

శ్రోతకు ఎదుటినుండియే గాక పార్శ్వములనుండియు వెనుకనుండియు శబ్దము వినవచ్చునట్లు పెక్కు స్పీకర్లను గదిలో నియతస్థానములయందు నిలిపి, ఒక్కొక్కదానికి ప్రత్యేకమైన ధ్వనిమార్గమును అందించు ఏర్పాటునకు సరౌండ్ ధ్వనివ్యవస్థ యని పేరు. జనులు దీనిని హోమ్ థియేటర్ అనియు, ఇందలి మంద్రధ్వని పెట్టెను ఊఫర్ అనియు, తక్కిన స్పీకర్లను బాక్సులనియు వ్యవహరింతురు. ఐదు బాక్సులును ఒక ఊఫరును గలదానిని 5.1 అనియు, ఏడు బాక్సులు గలదానిని 7.1 అనియు, మొదటిదానికి పైకప్పు దిక్కునుండి వినబడు రెండు మార్గములు చేరినయెడల 5.1.2 అనియు సంకేతింతురు.

ఈ విద్య సినిమాశాలలో పుట్టి ఇంటికి వచ్చినది. 1940లో వాల్ట్ డిస్నీ సంస్థ ‘ఫాంటాసియా’ చిత్రమునకై ఫాంటాసౌండ్ అను బహుమార్గ ధ్వనిని ప్రయోగించెను. తెలుగు ప్రేక్షకునికి 1986లో కృష్ణ దర్శకత్వమున వెలువడిన ‘సింహాసనం’ 70 ఎం.ఎం. తెరతోపాటు ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ ధ్వనిని పరిచయము చేసినది. 1992లో డాల్బీ డిజిటల్, 1993లో డి.టి.ఎస్., 2012లో డాల్బీ అట్మాస్ వెండితెరకు వచ్చినవి. కాలక్రమమున అవి యన్నియు డిస్కులద్వారమునను, పిమ్మట ఇంటర్నెట్టుద్వారమునను గృహములలో ప్రవేశించినవి.

ఇట్టి వ్యవస్థను ఇంట అమర్చుకొను విధమునకు ఇక్కడ పరిటాల గ్రామమును ఉదాహరణముగా గైకొందము. విజయవాడకు వాయవ్యమున, హైదరాబాదు రాజమార్గముమీద, పూర్వము కృష్ణా జిల్లాలోను 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలోను చేరిన పరిటాల, గోలకొండ ప్రభువుల కాలమున వజ్రపుగనులకును, ఇటీవల 135 అడుగుల ఆంజనేయ విగ్రహమునకును ప్రసిద్ధి కెక్కిన గ్రామము. ప్రస్తుత విషయమునకు మాత్రము దీని ప్రాముఖ్యము వేరు: రేయింబవళ్లు లారీలు సాగు 65వ నంబరు జాతీయ రహదారి ఒకవంక, రాతి క్వారీలు మరొకవంక ఉండుటచేత ఇక్కడి ఇంటిలో సంపూర్ణ నిశ్శబ్దము అరుదు.

స్పీకర్లకంటె ముందు గదిని విచారింపవలెను. ఈ మెట్టసీమలోని పాత పెంకుటింట పెంకుల సందులగుండ శబ్దము చాలవరకు వెలికి పోయెడిది. ఇప్పటి డాబా ఇంటిలో సిమెంటు గోడలు, శ్లాబు, నున్నని టైల్సు పరచిన నేల యన్నియు తమమీద పడిన శబ్దమును తిరుగగొట్టునవే. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున 1895లో ఈ పరిశోధన నారంభించిన వాలెస్ సేబిన్ అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన సూత్రము ననుసరించి లెక్క వేసినచో, 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గల హాలు ఘనపరిమాణము సుమారు 51 ఘనమీటర్లు, దాని ఆరు ముఖముల వైశాల్యము సుమారు 84 చదరపు మీటర్లు అగును. ఆ ముఖములు నూటికి మూడు పాళ్ల శబ్దమును మాత్రమే గ్రహించినయెడల, ఒకసారి పుట్టిన ధ్వని శక్తిలో పదిలక్షలవ వంతునకు క్షీణించుటకు 3 సెకండ్లకు పైగా పట్టును. సంభాషణ విస్పష్టముగా తెలియుటకు ఇది అర సెకండు ప్రాంతమునకు దిగవలసియుండగా, అట్టి ఖాళీ గదిలో ఎంత వెలగల స్పీకరు నిలిపినను మాటలు ఒకదానిపై నొకటి పడి అలుక్కొనిపోవుట తప్పదు. దీనికి మందు ఈ ప్రాంతపు పంటయైన పత్తిలోనే కలదు: దళసరి పరదాలు, దూది పరుపు పరచిన దివాను, సోఫాకు ముందు తివాచీ, ప్రక్కగోడలపై స్పీకరు ధ్వని మొదట తగిలి చెవికి మరలివచ్చు తావులయందు గుడ్డ చుట్టిన దూది పలకలు ఉన్నచో గది సగము బాగుపడును. కోడిగ్రుడ్ల అట్టలు గోడకు అంటించుటవలన చెప్పుకోదగిన ప్రయోజనము లేదు. వానికి నిప్పు అంటుట మాత్రము సులభము.

మంద్రధ్వనికి దూది చాలదు. 12 అడుగుల ఎడమున ఎదురెదురుగా నున్న గోడల నడుమ సుమారు 47 హెర్ట్‌జుల ధ్వనియు, 10 అడుగుల ఎత్తున నేలకును శ్లాబునకును నడుమ సుమారు 56 హెర్ట్‌జుల ధ్వనియు నిలువుతరంగములై, గదిలో ఒకచోట దద్దరిల్లి మరొకచోట మాయమగును. పొడవు, వెడల్పు సమానమైన గదిలో రెండు తరంగములు ఏకమగుటచేత ఈ దోషము ఇనుమడించును. కావున ఊఫరును మూలకు నెట్టి వదలక, దానిని ముందుగా కూర్చుండు సోఫామీద పెట్టి మ్రోగించి, గోడల వెంబడి వంగి నడచుచు ఎక్కడ మంద్రధ్వని సమముగా వినబడునో అక్కడనే దానికి స్థానము నిర్ణయించుట అనుభవజ్ఞుల పద్ధతి. చూచువారు నవ్వవచ్చునుగాని దీనికి మించిన ఉపాయము చవుకలో దొరకదు.

ఎన్నిక విషయమున బాక్సుల సంఖ్యకు మురిసిపోరాదు. మన హాళ్లలో సోఫా సాధారణముగా వెనుకగోడకు ఆనుకొనియే యుండును. వెనుక స్థలమే లేనిచోట 7.1 వ్యవస్థలోని వెనుక బాక్సులు వీపునకు తగులుటయే గాని వాని ప్రయోజనము శూన్యము. అట్టి ఇంటికి 5.1 చాలును. సినిమాలో సంభాషణ అధికభాగము నడిమి స్పీకరునుండి వచ్చును గనుక, ధనము పరిమితమైనచో ముందు మూడింటిమీద, అందును నడిమిదానిమీద, వెచ్చింపవలెను. అట్టపెట్టెలపై వేలకొలది వాట్లుగా ముద్రించు పి.ఎం.పి.ఓ. అంకె వట్టి ఆర్భాటము, ఆర్.ఎం.ఎస్. వాట్లను, ఒక వాటు శక్తికి ఒక మీటరు దూరమున ఎన్ని డెసిబెల్స్ మ్రోగునో తెలుపు అంకెను చూడవలెను. శక్తిని రెట్టింపు చేసినను పెరుగునది 3 డెసిబెల్స్ మాత్రమే గనుక, 90 డెసిబెల్స్ మ్రోగు స్పీకరునకు 50 వాట్లిచ్చుటయు, 87 మ్రోగుదానికి 100 వాట్లిచ్చుటయు ఒక్కటే. సౌండుబారు అను ఒంటికర్ర పరికరము చిన్న గదికి, అద్దె ఇంటికి తగినదే గాని, దాని పార్శ్వధ్వని గోడలనుండి మరలివచ్చునది యగుటచేత ఒకవైపు గోడయే లేని హాలులో సరిగా పనిచేయదు.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంస్థ సిఫారసు ననుసరించి, నడిమి స్పీకరు ఎదుటను, కుడియెడమలవి దానికి చెరి 30 డిగ్రీలలోను, పార్శ్వమువి 100 మొదలు 120 డిగ్రీల వరకును ఉండవలెను. ముందువి కూర్చున్నవాని చెవి ఎత్తునను, పార్శ్వమువి చెవికి కొంచెము పైనను ఉండుట మంచిది. సిమెంటు షోకేసు అరలో నడిమి స్పీకరును లోతునకు త్రోసి పెట్టుట మన ఇండ్లలో సర్వసామాన్యమైన తప్పు. దాని ముఖము అర అంచుకు కొంచెము వెలికి వచ్చియుండకున్న గొంతు కుండలోనుండి వచ్చినట్లుండును.

సంధానమున కీలకము హెచ్.డి.ఎం.ఐ. తీగ. టీవీ వెనుక ‘ఆర్క్’ లేక ‘ఈ-ఆర్క్’ అని వ్రాసియున్న రంధ్రమునుండి, బాక్సులకు ధ్వనిని పంచి యిచ్చు రిసీవరు అను పరికరములో అదే గుర్తు గలదానికి తీగను కలిపినయెడల టీవీలోని ధ్వని వెనుకకు ప్రవహించును. ప్రక్క రంధ్రములో గ్రుచ్చిన ప్రవహింపదు. స్ట్రీమింగు సేవలు అట్మాస్ ధ్వనిని డాల్బీ డిజిటల్ ప్లస్ రూపమున పంపును గనుక సాధారణ ఆర్క్ మార్గమే దానికి సరిపోవును. బ్లూరే డిస్కులలోని నష్టరహిత ధ్వనిని టీవీద్వారా పంపుటకు మాత్రము ఈ-ఆర్క్ కావలెను. ఆప్టికల్ తీగ పాత 5.1 ధ్వనులను మోయగలదు, అంతకు మించి మోయలేదు. ఇన్నియు కలిపినను రెండు బాక్సులే మ్రోగుచున్నవని విసుగు చెందువారు టీవీ శబ్దవిభాగమున ‘పి.సి.ఎం.’ అనుదానిని మార్చి ‘ఆటో’ లేక ‘పాస్‌త్రూ’ అనుదానిని ఎంచుకొని చూడవలెను. పెక్కు ఫిర్యాదులు అక్కడనే తీరును. చిత్రమునకు తెలుగు ధ్వని రెండు మార్గములదియే యైనచో రిసీవరు కొత్త మార్గములను ఊహించి కల్పించునే గాని అసలైనవానిని తేలేదు.

బాక్సులకు తీగ వేయునప్పుడు ఎలక్ట్రీషియనులు ‘ఒకటిన్నర’ అను 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, 8 ఓముల స్పీకరునకు 10 మీటర్ల దూరమువరకు నిశ్చింతగా సరిపోవును. 4 ఓములదైనచో 2.5 వేయుట మేలు. ఎరుపు కొన ఎరుపునకును నలుపు కొన నలుపునకును చేరవలెను. ఒక్క బాక్సున తారుమారైనను మంద్రధ్వని పలుచబడి, మాట ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలియకుండును. గుయ్యిమను ధ్వని వినబడినచో మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్నును విరుచుట ప్రాణాపాయము. ఈ రాతినేలలో వేసవియందు ఎర్తు గుంట ఎండిపోవును గనుక, ఉప్పు, బొగ్గు వేసిన ఆ గుంటకు నీరు పోయించి, అప్పటికిని మానకున్న డిష్ తీగను ఒకసారి ఊడదీసి పరీక్షింపవలెను.

చివరి పని కొలత. రిసీవరుతో వచ్చు మైకును చెవి ఎత్తున నిలిపి, ఫ్యాను ఆపి, లారీల రద్దీ తగ్గిన వేకువజామున కొలిపింపవలెను. అది బాక్సుల దూరములను, బిగ్గరతనమును తానే సరిదిద్దుకొనును. 80 హెర్ట్‌జులకు దిగువనున్న ధ్వనులను ఊఫరునకు అప్పగించుట చాల ఇండ్లకు తగినది, ఏలయన అంత మంద్రమైన ధ్వని ఏ దిక్కునుండి వచ్చునో చెవి గుర్తింపలేదు. ఆ మంద్రధ్వనియే గోడలను దాటి పొరుగింటికి పోవునది కూడ గనుక, రాత్రివేళ రిసీవరులోని ‘నైట్ మోడ్’ను వాడుట ఉచితము: 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాసప్రాంతములలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 వరకు 45 డెసిబెల్స్.