ఆ డబ్బా మంటలో వెయ్యకండర్రా

ఆగండర్రా! పిడకల దండలు వెయ్యండి, ఆ కాలు విరిగిన కుర్చీ వెయ్యండి, ఆ అట్టడబ్బా మాత్రం ఇలా తెచ్చి నా మంచం పక్కన పెట్టండి. భోగి మంటలో పాత సామాను వెయ్యడం మన ఆనవాయితీయే, కాదనను. కానీ ప్లాస్టిక్ కాలిస్తే ఆ పొగ పీల్చేది మనమే. పైగా అందులో ఉన్నవి ఫ్లాపీలు. మీ నాన్న నిక్కర్లేసుకుని తిరిగే రోజుల్లో బెజవాడలో నేను డీటీపీ సెంటర్ నడిపినప్పటివి. వాటిలో ఉన్న తెలుగులో కొంత ఇంకెక్కడా లేదు.

దగ్గరికి జరగండి, చూపిస్తా. ఈ పెద్దది ఐదుంబావు అంగుళాలది. పట్టుకోవచ్చు గానీ, ఆ కోలగా తెరిచి ఉన్న చోట వేలు పెట్టకండి, డ్రైవు చదివేది అక్కడే. లోపల ఉన్నది పల్చటి ప్లాస్టిక్ బిళ్ల, దాని మీద ఐరన్ ఆక్సైడ్ పూత. ఇందులో పట్టేది 360 కేబీ. ఈ చిన్నది, గట్టి ప్లాస్టిక్ తొడుగుది, మూడున్నర అంగుళాలది. 1.44 ఎంబీ. మీ ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటోకి కూడా ఇందులో చోటు చాలదు, ఆ రోజుల్లో మాత్రం ఒక నవల మొత్తం పట్టేది.

నేను కంప్యూటర్ నేర్చుకున్నప్పుడు చెప్పులు గుమ్మం బయట విడిచి ఏసీ గదిలోకి వెళ్లాలి. మెషీన్లలో హార్డ్‌డిస్క్ ఉండేది కాదు. ‘ఏ’ డ్రైవులో డాస్ ఫ్లాపీ పెట్టి స్విచ్ వేస్తే డ్రైవు కరకరమని తిరిగి, కాసేపటికి పచ్చటి అక్షరాల్లో ప్రాంప్ట్ వచ్చేది. అప్పుడా ఫ్లాపీ తీసేసి వర్డ్‌స్టార్ ఫ్లాపీ పెట్టాలి. మనం కొట్టిన మేటర్ బీ డ్రైవులోకి. కంట్రోల్ నొక్కి కె, ఎస్ కొడితే సేవ్. ఇప్పటికీ నా వేళ్లు మరిచిపోలేదు. తెర మీద ‘అబార్ట్, రిట్రై, ఫెయిల్’ అని పడిందంటే పొద్దుట్నుంచీ చేసిన పనంతా గంగలో కలిసినట్టే.

అదంతా ఇంగ్లీషు. తెలుగు కోసం కాన్పూర్ ఐఐటీలో మొదలైన పని పుణె సీడాక్ చేతికొచ్చి జిస్ట్ కార్డుగా బయటికొచ్చింది. దాన్ని మెషీన్ లోపల స్లాట్‌లో గుచ్చితే, ఇంగ్లీషు కోసం రాసిన డాస్ ప్రోగ్రాముల్లోనే తెలుగు కనిపించేది. దాని వెనక ఉన్న కోడ్ పేరు ఇస్కీ, 1991లో భారత ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణం చేసింది. ‘క’ ఏ భాషలో రాసినా ఒకటే నంబరు. స్క్రిప్టు మారిస్తే అదే ఫైలు తెలుగులోనూ కనిపించేది, కన్నడంలోనూ కనిపించేది. ఆ పని చేసినవాళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఆ దారినే అందరూ నడిచుంటే నాకివాళ ఈ తిప్పలుండేవి కావు.

కానీ ప్రెస్సులకి కావలసింది అందమైన అక్షరం. పెళ్లి శుభలేఖ, కరపత్రం, పుస్తకం, ఏదైనా కంటికి ఇంపుగా ఉండాలి. పేజ్‌మేకర్ వచ్చింది. దాంతోపాటు అను ఫాంట్లు, శ్రీలిపి, ఇంకా చిన్నాచితకా కంపెనీలవి ఎన్నో వచ్చాయి. అసలు చిక్కంతా అక్కడ పడింది. జాగ్రత్తగా వినండి.

ఆనాటి ఫాంటులో ఉండేవి 256 గళ్లు, వాటిలోనూ కొన్ని వాడుకోడానికి వీల్లేనివి. మన తెలుగుకేమో గుణింతాలు, ఒత్తులు. క నుంచి బండి ర దాకా అన్నీ ఆ గళ్లలోనే సర్దాలి. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, కొమ్ము ఇంకో గడిలో, ఒత్తులు వేరే. ఏ ముక్క ఏ గడిలో పెట్టాలన్నది ఎవరి ఇష్టం వాళ్లది. ఒక కంపెనీ వాళ్లు ‘గ’ పెట్టిన గడిలో ఇంకొకళ్లు నకారపు ఒత్తు పెట్టారు. ఫైల్లో ఉండేది గడి నంబరే, అక్షరం ఉండదు. ఆ ఫాంటు మెషీన్‌లో ఉన్నంతసేపూ అది తెలుగు. లేకపోతే నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న యూరప్ అక్షరాలు, కరెన్సీ గుర్తులు, ఏదీ నోరు తిరగదు.

అందుకే మీకు చెప్తున్నా, అందరూ మేటర్ ఉన్న ఫ్లాపీలు దాచారు, సాఫ్ట్‌వేర్ ఫ్లాపీలు పారేశారు. కొత్త వెర్షన్ వచ్చింది కదా, పాతదెందుకని. కంపెనీ మూతపడింది కదా, ఇంకెందుకని. నా లెక్కలో ముందు దాచవలసింది ఆ ఇన్‌స్టలేషన్ ఫ్లాపీల్నే. మా సెంటర్ ఒక్కటే కాదు, ఈ కష్టం పెద్దవాళ్లకీ వచ్చింది. ఆండీ వార్హోల్ అని అమెరికాలో గొప్ప చిత్రకారుడు. 1985లో అమీగా కంప్యూటర్‌ను జనానికి చూపించే వేడుకలో వేదిక మీదే ఆ మెషీన్‌తో బొమ్మ వేశాడు. ఆయన ఫ్లాపీలు పిట్స్‌బర్గ్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఏళ్ల తరబడి పడున్నాయి. చివరికి అక్కడి కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ క్లబ్ పిల్లలు వాటిని చదివారు. చదివితే ఏమైంది? ఫైళ్లు వచ్చాయి, బొమ్మలు రాలేదు. ఆయన వాడింది అమీగా తొలి రోజుల బొమ్మల ప్రోగ్రాము, ఆ ఫార్మాట్ ఎవరికీ తెలియనిది. పిల్లలు పట్టు వదలకుండా ఆ ఫార్మాట్ గుట్టు విప్పితే, 2014లో సూప్ డబ్బా, బొటిచెల్లి వీనస్, ఆయన సొంత ముఖం బయటికొచ్చాయి. ఆ సంగతి చదివిన రోజునే అటక మీంచి ఈ డబ్బా దింపించాను.

ఎలా చదువుతారంటావా? మంచి ప్రశ్న అడిగావు. ఊరికే డ్రైవులో దూర్చడం కాదు. ఇదిగో, ఈ ఇనుప రేకు పక్కకి జరిపి మంట వెలుతురుకి పట్టు. ఆ తెల్లటి చుక్కలు కనిపిస్తున్నాయా? బూజు. మన కోస్తా ఉక్కకి పట్టకేం చేస్తుంది! ఇలాగే డ్రైవులో పెడితే ఆ బూజు హెడ్‌కి అంటుకుంటుంది, హెడ్ పూతని గీసేస్తుంది, గీత పడ్డ చోట ఉన్నది ఇక బ్రహ్మ రాసినా తిరిగి రాదు. కాబట్టి ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మందుల షాపులో నీళ్లు కలిపినది పనికిరాదు, 99 శాతంది తేవాలి. దూది పుల్లకి అద్ది, బిళ్లని మెల్లగా తిప్పుతూ, అదిమి రుద్దకుండా తుడవాలి. రెండు వైపులా. బాగా ఆరాకే డ్రైవులోకి. ఒక్కో ఫ్లాపీ తర్వాత హెడ్ కూడా తుడవాలి. మూడున్నర ఫ్లాపీ అయితే మూలనున్న చిన్న మీట జరిపి కన్నం తెరిచి పెట్టాలి, ఐదుంబావుదైతే పక్కనున్న గాడికి స్టిక్కర్ అంటించాలి. ఇక దాని మీద పొరపాటున కూడా ఏదీ రాయబడదు.

బజార్లో దొరికే యూఎస్‌బీ డ్రైవులు మామూలు మూడున్నర ఫ్లాపీలకే పనికొస్తాయి. నేను వాడేది గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు. పాత కంప్యూటర్ నుంచి ఊడదీసిన డ్రైవుని దానికి తగిలించి, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలుపుతాను. అది ఫైళ్ల జోలికి పోదు. బిళ్ల తిరుగుతుంటే పూత మీద అయస్కాంతం దిశ ఎక్కడెక్కడ మారిందో, మార్పుకీ మార్పుకీ మధ్య ఎంత సమయం పట్టిందో అదంతా రాసుకుంటుంది. బిళ్ల ఒక చుట్టు తిరగడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ఒక్కో ట్రాక్‌ని చాలా చుట్లు చదివిస్తాను, ఒక చుట్టులో తప్పిన బైటు ఇంకో చుట్టులో దొరకొచ్చు. ఈ పద్ధతిలో ఇంకో లాభం, ఎవరూ కాపీ చెయ్యకుండా కంపెనీవాళ్లు కావాలనే చెడగొట్టి పెట్టిన సెక్టార్లు కూడా ఉన్నవున్నట్టు వచ్చేస్తాయి. మామూలు కాపీలో అవి రావు, అవి లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ నడవదు. లేబుల్ కూడా ఫొటో తీసుకోవాలి. సీరియల్ నంబరు దాని మీదే ఉంటుంది.

ఇప్పుడు ఈ డబ్బా సంగతి. ఒక రిటైర్డ్ మాస్టారు దివిసీమ ఊళ్లు తిరిగి పాలేర్లూ పడవవాళ్లూ వాడే మాటలు పోగు చేశారు. పడవ భాగాలకి పేర్లు, వలల్లో రకాలు, గాలుల పేర్లు. మా సెంటర్లోనే టైపు చేయించారు. పుస్తకం అచ్చు కాకుండానే ఆయన పోయారు. రాతప్రతిని చెదలు తినేశాయి. మిగిలింది ఈ ఫ్లాపీలు. ఒక్క సెక్టారు పోకుండా అన్నీ చదవగలిగాను. తెరిస్తే యూరప్ అక్షరాలు! ఆ ఫాంటు చేసిన చిన్న కంపెనీ ఎప్పుడో మూసేశారు.

ఆయన దిద్దిన ప్రూఫు కాగితం ఒకటి వాళ్లమ్మాయి దగ్గర దొరికింది. దాన్ని పక్కన పెట్టుకుని ఏ గుర్తు దగ్గర ఏ అక్షరం అచ్చయిందో ఒక్కొక్కటీ పట్టిక రాశాను. చాలావరకు తేలింది. ఇప్పుడా మాటలు యూనికోడ్‌లో ఉన్నాయి, మీ ఫోన్‌లో కూడా చదువుకోవచ్చు. కానీ ప్రూఫులో ఒక్కసారి కూడా పడని అక్షరాలున్నాయే, ఝ, ఠ, కొన్ని అరుదైన ఒత్తులు, అవి ఏ గడివో ఊహించి వేస్తే మాట మారిపోతుంది. మాస్టారు అంత కష్టపడి విని రాసుకున్న పలుకుని నా ఊహతో దిద్దడానికి నాకు మనసొప్పదు. అక్కడ ఖాళీ వదిలి, అసలు గడి నంబరు పక్కన రాసి పెట్టాను.

ఆ ఫాంటు సాఫ్ట్‌వేర్ మూడు ఫ్లాపీల్లో వచ్చింది. ఒకటోదీ మూడోదీ ఈ డబ్బాలోనే ఉన్నాయి. ఫాంటు ఫైలుని కుదించి ముక్కలు చేసి మూడింటిలో పెట్టారు, రెండోది లేకపోతే విప్పుకోదు. తెనాలిలో శుభలేఖలు వేసే ఆయన ఒకప్పుడు ఇదే వాడేవారట, ఆయన కొడుకు ఫోన్ నంబరు సంపాదించాను. కనుమ వెళ్లగానే ఫోన్ చేస్తా. మీరు కూడా ఊళ్లకి వెళ్లాక పాత ప్రెస్సులవాళ్లు ఎవరైనా తెలిస్తే అడగండి, అటక మీద నీలం రంగు లేబుల్ మీద ‘2/3’ అని రాసున్న మూడున్నర ఫ్లాపీ ఉందేమోనని. ఉందంటే మాత్రం డ్రైవులో పెట్టనివ్వకండి. బూజున్నా సరే, అలాగే కవర్లో పెట్టి నాకు పంపించమనండి.