మూసీ ఒడ్డు లంకెబిందెలు

ఇటు జరుగుండ్రి బిడ్డా, కుంపటి కాడికి రాండ్రి. సంకురాత్రి దాంక ఈ సలి ఇడ్సదు.

మన పట్నం 1591ల పుట్టిందని బడిల చెప్తరు గదా. అది చార్మినార్ లెక్క. మూసీ లెక్క వేరే. నయాపుల్ కాడికెల్లి నీళ్లెంబడి కిందికి పోతే, చాదర్‌ఘాట్ దాటినంక చైతన్యపురి. ఆడ కోసగుండ్ల నర్సింహసామి గుట్ట ఉన్నది. చిన్నప్పుడు మా నాయిన మొక్కుకు తోల్కపోతుండె. గుండు మీద గీతలు జూసి, లంకెబిందెలకు గుర్తులనుకుంటుంటిమి. రాత్రి వచ్చి తవ్వుదామని మా అన్న ఒకటే పోరు!

తర్వాత చదువుకున్నోళ్లొచ్చి చెప్పిన్రు. అది బ్రాహ్మీ రాత, ప్రాకృతం మాట. విష్ణుకుండిన రాజు గోవిందవర్మ నాటిది, అయిదో శతాబ్దం. గోవిందరాజ విహారమని అండ్ల పేరున్నది. బౌద్ధ భిక్షువులుండే జాగన్నట్టు. చార్మినార్ కంటె వెయ్యేండ్లు పెద్దది.

ఈడ వాళ్లకేం పని అంటవా? తొవ్వ, బిడ్డా. పైఠాన్ దిక్కుకెల్లి సరుకు సముద్రం దిక్కు పోతుండె. సంగారెడ్డి అవతల కొండాపూర్ పాటిగడ్డను నిజాం సర్కారు 1940-41ల తవ్విస్తే శాతవాహనుల నాణేలు కుప్పలుగ ఎల్లినయి, రోమ్ నాణేలు గూడ. బేరగానికి రాత్రి తల దాచుకునే సోటు గావాలె. భిక్షువుకు వానకాలం మూన్నెల్లు కదలకుండ ఉండే గూడు, ఇంత బువ్వ గావాలె. ఇద్దరికి కుదిరింది.

గసువంటి భిక్షువుల జాగనే, సూర్యాపేట దిక్కు ఫణిగిరి ఇనలేదా? గుట్ట పాము పడగ లెక్కనుంటదని ఆ పేరు. ఆడ 2024ల ఓ కుండ దొరికింది. నోటికి మూతేసి ఉన్నది. లోపట 3,730 నాణేలు! లంకెబిందెలే, గని బంగారం గాదు, సీసం. ఇక్ష్వాకు రాజుల కాలపువి. ఎవడో పాపం, మళ్లొచ్చి తీస్కపోదామని దాసిపెట్టిండు. రాలే. మా అన్నకు చెప్తే గంటసేపు నవ్విండు.

గా బౌద్ధుల గుర్తు చూడనీకె దూరం పోనక్కర్లే, మన సాలార్‌జంగ్ మ్యూజియంల నేలకొండపల్లి నుంచి తెచ్చిన బుద్ధుడు నిలబడి ఉంటడు. పోయినోళ్లందరు పన్నెండు గొట్టే గడియారం కాడనే గుమిగూడుతరు. గా యాల్లకు ఆయన కాడికి పోవాలె, తోపులాట లేకుంట నిమ్మళంగ చూడొచ్చు.

రేపా? రేపు శుక్రారం, మ్యూజియం బందు. ఐతారం పోదాం. ఆ బొగ్గులు ఇటియ్యి.