ముందు గోడ, తర్వాత కరెంటు: మినియాపొలిస్ ఆదివాసీల చలి చరిత్ర

ఈసారి పోస్టు మన ఏజెన్సీ గురించి కాదు, అమెరికా ఉత్తరాన ఉన్న మినియాపొలిస్ నగరం గురించి. లంబసింగిలో చలి సున్నా డిగ్రీల దగ్గరికొస్తే మనకి వార్త. అక్కడ 2019 జనవరి చివర్లో మైనస్ 33 డిగ్రీల దాకా పడిపోయింది. అలాంటి చోట ఇంట్లో వేడి లేకపోతే ప్రాణమే పోతుంది.

ఆ నేల డకోటా ప్రజలది. దాని ఉత్తరాన ఓజిబ్వేలు. ఓజిబ్వేల ఇల్లు చూడండి: వంచిన కర్రల చట్రం, దాని మీద బర్చ్ చెట్టు బెరడు, జమ్ము చాపలు, మధ్యలో నెగడు. చాపల పొరల్లో చిక్కుకున్న గాలే చలిని ఆపేది. ఇంజనీర్లు ఇన్సులేషన్ అంటున్నది ఇదే.

1862 యుద్ధం తర్వాత డకోటాలను మిన్నెసోటా నుంచి వెళ్లగొట్టారు. మళ్లీ 1950లలో ఇంకో దెబ్బ. తెగల హక్కుల్ని రద్దు చేసే విధానం 1953లో వచ్చింది. ఉద్యోగ శిక్షణ పేరుతో ఆదివాసీలను నగరాలకు తరలించే చట్టం 1956లో వచ్చింది. రిజర్వేషన్లలో బతకలేక చాలామంది మినియాపొలిస్ చేరి, ఫ్రాంక్లిన్ అవెన్యూ చుట్టుపక్కల పాత అద్దె ఇళ్లలో సర్దుకున్నారు. మంచి పేటల్లో శ్వేతజాతీయులు కానివాళ్లకి ఇల్లు అమ్మకూడదని 1910 నుంచే దస్తావేజుల్లో షరతులు రాసుకునేవాళ్లు. అంటే చలిగాలి దూరే ఇల్లు పేదోడికి రావడం యాదృచ్ఛికం కాదు.

1968లో అదే పేటలో అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ పుట్టింది. పోలీసుల దౌర్జన్యం మీద మొదలైన పోరాటం ఇంటి దాకా వచ్చింది. 1973లో లిటిల్ ఎర్త్ అనే 212 ఇళ్ల కాలనీ వచ్చింది. ఆదివాసీలకు ప్రాధాన్యం ఇచ్చే సబ్సిడీ అద్దె ఇళ్లు అవి.

అదే ఏడాది చమురు సంక్షోభం. ఇంధనం ధర పెరిగేసరికి పేదల ఇళ్లకి కన్నాలు పూడ్చి, అటకల్లో ఇన్సులేషన్ వేసే జాతీయ పథకం 1976లో మొదలైంది. చలికాలంలో బిల్లు కట్టలేనివాళ్లు వాయిదాల ఒప్పందం చేసుకుంటే కనెక్షన్ తీసెయ్యకూడదనే నియమం మిన్నెసోటాలో ఉంది. ఇవి దయతో రాలేదు, అవసరం మెడ మీదకొస్తే వచ్చాయి.

ఇప్పుడు కొత్త మలుపు. అక్కడ ఎక్కువ ఇళ్లు గ్యాస్‌తో వెచ్చబడతాయి. వాతావరణం కోసం గ్యాస్ వదిలి కరెంటుకి మారమంటున్నారు. అందుకు వాడేది హీట్ పంప్. ఫ్రిజ్ లోపలి వేడిని బయటకు తోసినట్టే, ఇది బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగుతుంది. మామూలు చలిలో ఒక యూనిట్ కరెంటుకి రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. చలి ముదిరే కొద్దీ ఆ లాభం తగ్గుతుంది. గోడలకు కన్నాలుంటే ఎంత లాగినా వేడి నిలవదు, బిల్లు మాత్రం పేలిపోతుంది. అందుకే ముందు గోడ, తర్వాత మిషను.

అన్యాయం దూరే దారులు ఇంకో రెండున్నాయి. ఒకటి, మిషను కొనేది ఇంటి ఓనరు, బిల్లు కట్టేది కిరాయిదారు. ఓనరుకి చవకైనదే ముద్దు. అతను చవక కరెంటు హీటరు బిగిస్తే ఒక యూనిట్‌కి ఒక యూనిట్ వేడే వస్తుంది. రెండోది, డబ్బున్నోళ్లు ముందు గ్యాస్ వదిలేస్తే, ఆ పైపులైన్ల ఖర్చంతా మిగిలిన పేదల మీద పడుతుంది.

2022 అమెరికా చట్టంలో తక్కువ ఆదాయం వాళ్లకి హీట్ పంప్ మీద 8,000 డాలర్ల వరకు రాయితీ పెట్టారు. లిటిల్ ఎర్త్ ఉన్న ప్రాంతాన్ని నగరం 2017లోనే గ్రీన్ జోన్‌గా గుర్తించింది. మంచిదే. కానీ కాగితం మీద రాయితీ ఉంటే చాలదు, కిరాయిదారు చేతికి అందాలి, అద్దె పెరగకూడదు.

మిత్రులారా, మంచి పని పేరుతోనే 1956లో వాళ్లని కదిలించారు. అందుకే ఇప్పుడూ ఏ మంచి పథకమొచ్చినా మూడు ప్రశ్నలు అడగాలి: ఖర్చెవరిది, లాభమెవరికి, నిర్ణయం తీసుకునే గదిలో మనోళ్లు ఉన్నారా? ఈ ప్రశ్నలు మనకీ పనికొస్తాయి. మీ ఆలోచన కింద రాయండి, మాట్లాడుకుందాం.