మా భోజనాల బల్ల మీద చరిత్ర పాఠం

మా పిల్లలకి చదువు ఇంట్లోనే అనగానే అందరూ ముందు అడిగేది లెక్కల గురించే. "హైస్కూలు లెక్కలు మీరెలా చెప్తారండీ?" అని. నిజం చెప్పాలంటే లెక్కలు నన్నెప్పుడూ అంత ఇబ్బంది పెట్టలేదు. వీడియోలున్నాయి, జవాబులు పుస్తకం వెనకాలే ఉంటాయి. నిద్ర లేకుండా చేసింది మాత్రం సోషల్ స్టడీస్.

మేముండేది టెక్సస్‌లో. ఇక్కడ ఇంటి చదువులకి 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు లీపర్ కేసులో ఇచ్చిన తీర్పే పెద్ద అండ. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరులుగా మెలగడం, ఈ ఐదూ నేర్పితే చాలు. ఏ పుస్తకం వాడుతున్నారని వచ్చి అడిగేవాళ్ళుండరు. చరిత్ర అన్న మాటే ఆ ఐదింటిలో లేదు. అంటే నా పదిహేనేళ్ళ కూతురికి నేను ఏది చెప్తే అదే చరిత్ర. మొదట్లో ఇదెంత స్వేచ్ఛో అనుకున్నాను. తర్వాత భయం వేసింది.

మంగళవారాలు మా చర్చిలోని మరో రెండు కుటుంబాల పిల్లలు కూడా మా ఇంటికే వస్తారు. మొత్తం ఐదుగురు. క్రైస్తవ పిల్లల కోసమే రాసిన పుస్తకం వాడుతున్నాం. చాలా పాఠాలు బాగున్నాయి కూడా. కానీ అంతర్యుద్ధం పాఠంలో, చాలామంది యజమానులు బానిసల్ని దయగానే చూసుకున్నారనీ, వాళ్ళకి సువార్త అందిందనీ, యుద్ధం ముఖ్యంగా రాష్ట్రాల హక్కుల కోసమనీ ఉంది. చదివించేసి ప్రశ్నల పేజీకి వెళ్ళబోతున్నాను. మా అమ్మాయి తలెత్తి అడిగింది. "అంత దయగా చూస్తే వాళ్ళెందుకు పారిపోయారమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. "వచ్చే వారం చెప్తాను" అన్నాను.

ఆ వారమంతా రాత్రిళ్ళు గిన్నెలు కడిగాక కూర్చుని చదివాను. ముందుగా టెక్సస్ ప్రకటన. 1861 ఫిబ్రవరి 2న, యూనియన్ నుంచి ఎందుకు విడిపోతున్నామో కారణాలు రాసుకున్న కాగితం అది. అందులో బానిసత్వం గురించి మొహమాటం లేకుండా రాశారు. నల్లవాళ్ళు తక్కువ జాతి అన్నారు. బానిసత్వం ఇద్దరికీ మేలే అన్నారు. అది సృష్టికర్త చిత్తం అని కూడా రాశారు! రాష్ట్రాల హక్కులంటే ఏ హక్కో వాళ్ళే చెప్పారు కదా.

తర్వాత 1807లో లండన్‌లో అచ్చయిన ఒక బైబిల్ గురించి తెలిసింది. వెస్టిండీస్ బానిసల కోసం ఏరి కూర్చిన బైబిల్. నిర్గమకాండంలో ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి బయటపడే భాగమే అందులో లేదు. బానిసలకి సువార్త అందిందన్న వాక్యం నాకు ఇక మునుపటిలా వినపడలేదు.

ఇంకొకటి ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ. 1838లో బానిసత్వం నుంచి తప్పించుకున్న ఆయన, 1845లో తన కథ రాశారు. తన యజమాని మారుమనస్సు పొందాక మెత్తబడతాడని ఆశపడితే ఇంకా క్రూరంగా మారాడట. అయినా డగ్లస్ క్రీస్తును వదల్లేదు. క్రీస్తు మతం వేరు, బానిసల్ని కొట్టేవాళ్ళ మతం వేరు అని పుస్తకం చివర విడదీసి చెప్పారు.

అదే 1845లో బాప్టిస్టులు రెండుగా చీలిపోయారు. బానిసల్ని కలిగి ఉన్నవాళ్ళని మిషనరీలుగా పంపమని బోస్టన్ బోర్డు అంటే, దక్షిణాది వాళ్ళు విడిపోయి సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పెట్టుకున్నారు. 1995లో, అంటే సరిగ్గా 150 ఏళ్ళకి, వాళ్ళు దానికి క్షమాపణ చెప్పారు. 1840 నుంచి నెల్లూరులో పని చేస్తున్న తెలుగు మిషను ఉత్తరాది వాళ్ళ వైపే ఉండిపోయింది. మా నాయనమ్మ ఒంగోలు చర్చి ఆ చెట్టు కొమ్మే!

తర్వాతి మంగళవారం ఇవన్నీ బల్ల మీద పెట్టాను. పుస్తకంలో ఉన్నది ఒక పక్క, వాళ్ళు అప్పట్లో రాసుకున్నది ఇంకో పక్క. పిల్లలే చదివారు, నేను పెద్దగా మాట్లాడలేదు. చివర్లో ఒక అబ్బాయి అడిగాడు. "ఆంటీ, మరి ఇండియాలో ఇలాంటివి లేవా?"

ఇక దాచడానికి లేదు. మా అమ్మాయికి అప్పటిదాకా చెప్పని సంగతి ఆ రోజే అందరి ముందూ చెప్పాను. మేం మాదిగలం. 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చినప్పుడు మొదట్లో నమ్మినవాళ్ళలో ఎర్రగుంట్ల పేరయ్య గారొకరు. తోళ్ళ వ్యాపారం చేసేవారు, ఊరూరా తిరిగి తనవాళ్ళకి చెప్పారు. వీళ్ళని చేర్చుకుంటే మేం రామని పై కులాల వాళ్ళు అన్నా దొర చేర్చుకున్నారు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇదంతా చెప్పి, ఇంత జరిగినా మన చర్చిల్లో పెళ్ళి మాట వచ్చేసరికి ఇంకా కులం అడుగుతారన్నది కూడా చెప్పాను.

మా అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాకెందుకు ముందే చెప్పలేదు?" అంది. నీకు సిగ్గుగా ఉంటుందనుకున్నాను అన్నాను. "నాకా, నీకా?" అని అడిగింది. దానికీ నా దగ్గర జవాబు లేదు.

ఆ సాయంత్రం ఒక పిల్లవాడి తల్లి ఫోన్ చేసింది. "అక్కా, ఇలాంటివన్నీ చెప్తే పిల్లల విశ్వాసం దెబ్బతినదా?" అని. ఆవిడ భయం నాకు అర్థమవుతుంది, నాకూ ఉండేది. కానీ దావీదు చేసిన పాపాన్ని బైబిల్ దాచలేదు కదా, పేతురు బొంకును దాచలేదు కదా. మనం దాస్తే, రేపు కాలేజీలో ఎవరో చెప్తారు. అప్పుడు పిల్లలు అమ్మ అబద్ధం చెప్పిందనుకుంటారు, ఆ అమ్మ చెప్పిన దేవుణ్ణి కూడా అనుమానిస్తారు. ఇదే చెప్పాను. ఆవిడ ఆలోచిస్తానంది. తర్వాతి మంగళవారం వాళ్ళబ్బాయి వచ్చాడు.

పుస్తకం మార్చలేదు. పక్కన అసలు కాగితాలు పెట్టి చదివిస్తున్నాను. ఈ వేసవికి ఒంగోలు వెళ్దామనుకుంటున్నాం. గుండ్లకమ్మ ఒడ్డు చూడాలని అడిగింది మా అమ్మాయే.