అక్షరపు టచ్చునుండి యంత్రపు టచ్చువఱకు

మైనముతో ప్రతిమను దీర్చి, మట్టి పూసి, మైనమును కరగించి తీసి, ఆ ఖాళీలో కంచు పోయు విధము మన పోతపనివారికి చిరపరిచితము. మట్టియచ్చు పగులగొట్టినగాని ప్రతిమ బయలుపడదు. ఒక యచ్చునకు ఒక్క ప్రతిమయే. అచ్చు చెడకుండ, ఒకే కొలతగల వస్తువులను వేలకొలదిగా పోయు విద్య ముద్రాక్షరముల పనిలో పెరిగినది. జర్మనీలోని మైంజు నగరమున 1450 ప్రాంతమున గూటెన్‌బర్గు చేతియచ్చులో సీసపు మిశ్రమమును పోసి అక్షరములు దీసెనని చెప్పుదురు.

వంగదేశపు ముచ్చట యొకటి యిచట చెప్పక తప్పదు. 1778లో హాల్‌హెడ్డు దొర రచించిన వంగవ్యాకరణము హుగ్లీలో ముద్రితమైనపుడు, విల్కిన్సు దొరతో గూడి వంగాక్షరములను సిద్ధపఱచినవాడు పంచానన కర్మకారుడు. ఇనుపపని యాతని వంశవృత్తి. హాల్‌హెడ్డు పీఠికలో ఘనత యంతయు విల్కిన్సుదే. పంచాననుని పేరైనను లేదు. ఇది చదివినపుడెల్ల మాకు మనస్సు చివుక్కుమనును.

1838లో న్యూయార్కువాసి డేవిడ్ బ్రూసు, కరగిన లోహమును పంపుతో అచ్చులోనికి నెట్టు యంత్రమును గల్పించెను. ఒత్తిడిపోతకు మూలమిదియే. తరువాత అక్షరములను విడిచి యంత్రభాగములకు ఇదే పద్ధతి యలవడినది. రెండు ఉక్కుదిమ్మెలను జతపఱచి బిగింతురు; లోపలి ఖాళీలోనికి పిస్టను లోహమును క్షణములో నింపును; చల్లారగనే దిమ్మెలు విడివడును, లోపలి చీలలు వస్తువును వెలికి త్రోయును.

అయితే తొలినాటి తుత్తునాగపు పోతవస్తువులు కొన్ని, యేండ్లు గడువగా ఉబ్బి, పగిలి, పొడియయ్యెడివి. లోపము అచ్చులో లేదు. లోహములో రవ్వంత కలసియున్న సీసమును తగరమునే యట్లు చేసినవి. అక్షరముల లోహమునకు ఊపిరియైన యా రెండే యిచట విషమైనవి! నూటికి 99.99 పాళ్లు శుద్ధమైన తుత్తునాగము దొరకిన పిమ్మట, 1929లో అమెరికాలోని న్యూజెర్సీ జింకు కంపెనీ, నూటికి సుమారు నాలుగు పాళ్లు అల్యూమినియము చేర్చిన జమాకు మిశ్రలోహములను వెలువరించెను. నేటికిని తాళములు, కుళాయిలు వానితో పోయుచున్నారు.

అల్యూమినియము మొండిది. సుమారు 660 డిగ్రీలకు గాని కరగదు, కరగినపుడు ఇనుమును తినును. అందుచే దానిని వేఱుగ కరగించి, పోతపోతకు కొలిచి యంత్రములో పోయుదురు.

యంత్ర మెంత ఘనమైనదైనను అచ్చు చెక్కువాడు కావలెను. లోహము చల్లారి ముడుచుకొనును గనుక కొలతను ఆ మేరకు పెంచవలెను. వస్తువు జారివచ్చుటకు గోడలకు ఇంచుక వాలు పెట్టవలెను. పంచాననుడు ఉక్కుపై చెక్కినది వ్రేలెడు అక్షరము; నేటివాడు చెక్కునది మోటారుబండి యంత్రపు పెట్టె.