నెల్లూరు తీరంలో విదేశీ భాగస్వామ్య వృత్తిశిక్షణ: కావలి సెటిల్మెంటు నుంచి రొయ్యల సాగు వరకు

ప్రస్తావన

యువతకు వృత్తినైపుణ్యం నేర్పి ఉపాధి చూపించడానికి విదేశీ సంస్థలతో చేతులు కలపడం ఇటీవలి పరిణామమని సాధారణంగా భావిస్తాం. 2015లో కేంద్రప్రభుత్వం నైపుణ్యాభివృద్ధి కార్యక్రమాన్ని విస్తృతంగా చేపట్టిన తరువాత జపాన్, జర్మనీ వంటి దేశాలతో కుదిరిన ఒప్పందాలు ఈ అభిప్రాయానికి బలం చేకూర్చాయి. అయితే నెల్లూరు తీరంలో ఇటువంటి ఏర్పాటుకు శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. 1912లో కావలిలో ఏర్పడిన ఎరుకల సెటిల్మెంటు ఒక విదేశీ సంస్థకూ ప్రభుత్వానికీ మధ్య కుదిరిన భాగస్వామ్య ఫలితమే. చట్టాధికారం మద్రాసు ప్రభుత్వానిది, నిర్వహణ అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ది. ‘పని నేర్పి మనుషులను చేయడం’ ఇరువురూ ప్రకటించుకొన్న లక్ష్యం. నేర్చుకొనే వారికి మాత్రం వద్దనే హక్కు లేదు.

ఈ తీరంలో పని నేర్పడానికీ, పని చూపడానికీ విదేశీ సంస్థలు పూనుకొన్న మూడు సందర్భాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అవి 1876–78 కరవుకాలపు కాలువ పని, కావలి సెటిల్మెంటు, 1979 తరువాతి మత్స్యరంగ సహకారం. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది కనుక మొదటి సందర్భం కూడా ఈ పరిధిలోకి వస్తుంది. ఈ మూడింటిలోనూ శిక్షణ ఫలితాన్ని రెండు అంశాలు నిర్ణయించాయి: నేర్చుకొనే వారికి అప్పటికే ఉన్న పనితనాన్ని లెక్కలోకి తీసుకొన్నారా అన్నది ఒకటి, ఒక పనిని, ఒక యజమానిని విడిచిపోగల స్వేచ్ఛ వారికి ఉందా అన్నది రెండవది.

కరవునాటి కాలువ

అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో శామ్యూల్ డే ద్వారా నెల్లూరులో స్థిరపడింది. 1865లో ఈ దేశానికి వచ్చిన జాన్ క్లౌ మరుసటి సంవత్సరం ఒంగోలును కేంద్రంగా చేసుకొన్నాడు. ఇతడు మతబోధకుడు కాకముందు అమెరికాలో సర్వే బృందంతో కలిసి పనిచేసినవాడు. 1876–78 కరవులో ఆ పాత అనుభవం ఉపయోగపడింది. కరవు సహాయచర్యగా సాగుతున్న బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో దాదాపు మూడున్నర మైళ్ళ భాగాన్ని అతడు కాంట్రాక్టుకు తీసుకొన్నాడు. పనికి వచ్చినవారిలో మాదిగలు అధికం. వారి మీద మేస్త్రీలుగా మిషన్‌లో చదువు నేర్చిన తెలుగు బోధకులు నియమితులయ్యారు.

కాలువ పని ఎందరి ప్రాణాలనో నిలిపిందన్నది నిస్సందేహం. వృత్తిచరిత్ర దృష్టితో చూసినప్పుడు మరో విషయం గమనింపదగింది. తోలు ఊనడం, చెప్పులు, మోటబొక్కెనలు, పశువుల సరంజామా తయారుచేయడం తరతరాలుగా ఎరిగినవారు ఇక్కడ మట్టి తవ్వే కూలీలుగా నమోదయ్యారు. కరవులో తోలుపనికి గిరాకీ లేదు కనుక అది అనివార్యం. కొత్త నైపుణ్యం అలవడింది మేస్త్రీలకు. కొలతలు, మస్టరు, కూలి లెక్కలు వారి చేతికి వచ్చాయి. అక్షరం తెలిసినవాడు పర్యవేక్షకుడయ్యాడు, తెలియనివాడు తట్ట మోశాడు. ఈ విభజన తరువాతి కాలంలోనూ కొనసాగింది. మిషన్ ఆధ్వర్యంలోని ఉపాధ్యాయ, నర్సింగ్ శిక్షణలు దళిత కుటుంబాల నుంచి కొత్త ఉద్యోగవర్గాన్ని తయారుచేశాయి. సొంత ఇష్టంతో చేరి, నేర్చిన విద్యతో ఎక్కడికైనా వెళ్ళగలిగిన ఆ శిక్షణలు నిలిచాయి.

ఈ కాలువే తరువాత ఉప్పునూ, ధాన్యాన్నీ, కట్టెలనూ పడవల మీద మద్రాసు వైపు మోసింది. ఒకరికి కరవులో కూడు పెట్టిన కాలువ మరొకరి సరకు రవాణాకు పోటీ అయింది. ఆ మరొకరు ఎరుకలు.

పేర్లలో ఉన్న వృత్తుల పట్టిక

తెలుగులో ‘ఎరుక’ అంటే తెలివి, జ్ఞానం. సోది చెప్పే విద్యకూ అదే పేరు. మన యక్షగానాలలో ఎరుకలసాని నాయిక మనసు చదివి శుభం పలికే పాత్ర. ఈ జాతి ఉపశాఖల పేర్లు ఇంకా ప్రయోజనకరమైన సాక్ష్యం. దబ్బ ఎరుకలు వెదురు దబ్బలతో బుట్టలు అల్లేవారు. ఈతపుల్లల ఎరుకలు ఈతపుల్లలతో తట్టలు, చీపుళ్ళు కట్టేవారు. కుంచె ఎరుకలు సాలెవారి పడుగుకు గంజి పట్టించే కుంచెలు తయారుచేసేవారు. కరివేపాకు ఎరుకలు కరివేపాకు అమ్మేవారు. పరికముగ్గుల ఎరుకలు ముగ్గు వేసి సోది చెప్పేవారు. ఉప్పు ఎరుకలు తీరంలో ఉప్పు కొని ఎద్దుల మీదా గాడిదల మీదా మెట్ట ప్రాంతాలకు చేర్చి, తిరుగుదారిలో ధాన్యం తెచ్చేవారు.

ఈ జాబితాను వరుసగా చదివితే ఒక ప్రాంత ఆర్థికజీవనంలో ఎరుకల స్థానం స్పష్టమవుతుంది. రైతు గాదెకూ, సాలెవాని మగ్గానికీ, మెట్ట ఊరి వంటింటికీ వారి పని అవసరమైంది. ఇస్కపల్లి వంటి ఉప్పుకొఠార్లున్న నెల్లూరు తీరానికీ, లోపలి తాలూకాలకూ మధ్య వారే రవాణా వ్యవస్థ.

ఆ వ్యవస్థ పందొమ్మిదవ శతాబ్దంలో విచ్ఛిన్నమైంది. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పుపై గుత్తాధికారం స్థాపించింది. తరువాత రోడ్లు, కాలువ వచ్చాయి. 1899 నాటికి మద్రాసు–బెజవాడ రైలుమార్గం పూర్తయింది. అటవీచట్టాలు వెదురుకూ, మేతకూ అడ్డుపడ్డాయి. సంచారజీవనానికి ఆధారమైన వర్తకం పోయింది, సంచారం మిగిలింది. వర్తకం లేని సంచారం పోలీసుల కంటికి అనుమానాస్పదంగా తోచింది. ఈ క్రమాన్ని మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన తన గ్రంథంలో మద్రాసు ప్రభుత్వ పత్రాల ఆధారంగా వివరించారు. ఎరుకల ‘నేరప్రవృత్తి’ పుట్టుకతో వచ్చినది కాదని, కోల్పోయిన జీవిక మీద ప్రభుత్వం వేసిన ముద్ర అని ఆమె పరిశోధన సారాంశం.

కావలి: చట్టంలో ‘పారిశ్రామిక’ శిక్షణ

ఉత్తరభారతంలో 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911 నాటి కొత్త రూపంలో మద్రాసు రాజధానికి వర్తించింది. ఈ చట్టం ప్రకారం ఒక జాతిని మొత్తంగా నేరస్థ జాతిగా ప్రకటించవచ్చు. సభ్యుల పేర్లు నమోదు చేసి వేలిముద్రలు తీసుకోవచ్చు. నిర్ణీత సమయాలలో హాజరు వేయించవచ్చు. పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ సెటిల్మెంట్లను నెలకొల్పి వారిని అందులో ఉంచవచ్చు. 6 ఏళ్ళు దాటి 18 ఏళ్ళు నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి అదే తరహా పాఠశాలలలో చేర్చవచ్చు. వృత్తిశిక్షణ పరిభాష శిక్షాస్మృతిలో భాగమైన సందర్భమిది.

సెటిల్మెంట్లను నేరుగా నడపడం ప్రభుత్వానికి భారం. అందుచేత విదేశీ మతసంస్థలను ఆహ్వానించింది. గుంటూరు జిల్లాలో సీతానగరం, స్టూవర్టుపురం సెటిల్మెంట్లు సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలోకి వెళ్ళాయి. నెల్లూరు జిల్లాలో కావలి అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతికి వచ్చింది. ఎస్. డి. బాడెన్ దానికి పర్యవేక్షకుడిగా పనిచేశాడు. సేద్యం, కూలిపని, చేతిపనులు, పిల్లలకు బడి సెటిల్మెంటు జీవనంలో భాగాలు. అనుమతిచీటీ లేకుండా హద్దు దాటడం నేరం.

మిషనరీలు అందరూ దురుద్దేశంతో పనిచేశారని అనడం చరిత్రకు న్యాయం కాదు. బడి, వైద్యం ఎరుకల పిల్లలకు అంతవరకు అందనివి. అవి సెటిల్మెంట్లలోనే కొందరికి మొదటిసారి అందాయి. అయినా ఆ ఏర్పాటు స్వభావాన్ని ఈ మేలు మార్చలేదు. మార్కెట్టులో కూలివాడు తక్కువ కూలికి ఒప్పుకోకుండా వెళ్ళిపోగలడు. సెటిల్మెంటు వాసికి వెళ్ళిపోవడమే శిక్షార్హం. స్టూవర్టుపురం వాసుల శ్రమ చీరాలలోని పొగాకు కర్మాగారానికి చేరిన తీరును మీనా రాధాకృష్ణ వివరించారు. సంస్కరణ పేరుతో క్రమశిక్షణ నేర్చిన శ్రామికబలం పరిశ్రమకు సిద్ధంగా దొరికింది. ఉపాధి కల్పన లెక్కలో ఇది విజయం. ఆ ఉపాధిని ఎంచుకొన్నవారు ఎవరన్న ప్రశ్నకు ఆ లెక్కలో చోటు లేదు.

సెటిల్మెంటు దృష్టిలో ఎరుకలవాడు ‘పని రానివాడు’. పని నేర్పడం అక్కడి నుంచి మొదలవుతుంది. దబ్బ ఎరుకల అల్లికకూ, కుంచె ఎరుకల పనితనానికీ, ఉప్పు ఎరుకల దారుల పరిజ్ఞానానికీ, సరకు వెలల అంచనాకూ ఆ దృష్టిలో విలువ లేదు. ఊరికి దూరంగా, సంచారం నిషేధంగా ఉన్న చోట ఆ విద్యలు సహజంగానే నిరుపయోగమయ్యాయి.

రద్దయిన చట్టం, మిగిలిన పేరు

నేరస్థ జాతుల చట్టానికి వ్యతిరేకంగా గట్టిగా నిలిచినవారిలో నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య ముఖ్యులు. యానాదుల సేవతో ప్రారంభమైన ఆయన కృషి సంచారజాతులందరికీ విస్తరించింది. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది. అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం నివేదిక అనంతరం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దు అమలులోకి వచ్చింది.

చట్టం పోయినా ముద్ర పోలేదు. ‘సెటిల్మెంటు’ అన్న మాట కావలి ప్రాంత వ్యవహారంలో ఊరిపేరుగానూ, నిందగానూ స్థిరపడింది. స్టూవర్టుపురం పేరును తెలుగు సినిమా సంచలనానికి వాడుకొంది. యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో 1991లో వచ్చిన ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. శిక్షణ పొందినవాని వెంట ఉద్యోగానికి ధ్రువపత్రం వెళ్ళాలి. ఇక్కడ వెళ్ళింది ఊరి పేరు. దానితో పని దొరకడం మరింత కష్టమైంది. వృత్తిశిక్షణ సంస్థ నేర్చుకొన్నవానికి ఇచ్చే గుర్తింపు అతని నైపుణ్యంలో భాగమేనని కావలి, స్టూవర్టుపురం అనుభవాలు తెలియజేస్తాయి.

ఉప్పుటేటి ఒడ్డున

స్వాతంత్ర్యానంతరం ఇదే తీరానికి విదేశీ సహకారం మరో రూపంలో వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో, స్వీడన్ ఆర్థిక సహాయంతో, 1979లో మద్రాసు కేంద్రంగా ‘బంగాళాఖాత కార్యక్రమం’ మొదలైంది. చిన్నతరహా మత్స్యకారుల పడవలు, వలలు, జీవనోపాధి దాని పరిధి. అలల మీది నుంచి నేరుగా ఒడ్డుకు చేర్చదగిన పడవల రూపకల్పనలో అది తెప్ప నడిపేవాని అనుభవాన్ని ప్రాతిపదికగా తీసుకొంది. కావలితో పోల్చినప్పుడు ఈ తేడా మౌలికమైనది. ఇక్కడ నేర్చుకొనేవాడు పరీక్షకుడు కూడా. పడవ నచ్చకపోతే అతడు తన తెప్పకే తిరిగి వెళ్ళగలడు.

రొయ్యల సాగు చరిత్ర ఇంత సరళం కాదు. 1980వ దశకం చివర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) విశాఖపట్నం ప్రాంతంలో అమెరికన్ సాంకేతిక సహకారంతో రొయ్యపిల్లల ఉత్పత్తి కేంద్రాన్ని నెలకొల్పింది. నెల్లూరు జిల్లాలో అదే సంస్థ ప్రయోగాత్మకంగా చేపట్టిన సాగు హెక్టారుకు 4 నుంచి 6 టన్నుల దిగుబడి సాధ్యమని చూపింది. కండలేరు ఉప్పుటేటి వెంట చెరువులు విస్తరించాయి. హేచరీ, సీడు, ఏరేటరు, చెక్‌ట్రే, కౌంటు వంటి మాటలు పల్లె వాడుకలో చేరాయి. నీటి ఉప్పదనం కొలవడం, మేత లెక్క, చెక్‌ట్రే చూసి రొయ్య ఆరోగ్యం పసిగట్టడం తెలిసిన ‘టెక్నీషియన్’ అన్న కొత్త వృత్తి పుట్టింది.

1994 చివర వచ్చిన వైరస్ వ్యాధి ఈ చెరువులను దెబ్బతీసింది. 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలో రొయ్యల సాగును నిషేధిస్తూ, ఉపాధి కోల్పోయే కార్మికులకు పరిహారం చెల్లించాలని కూడా ఆదేశించింది. దిగుబడి పెంచే విద్య వచ్చినంత వేగంగా, ఉమ్మడి ఉప్పుటేటి నీటిని కాపాడుకొనే విద్య రాలేదు. ఆ లోటును గుర్తించిన ఎంపెడా, బ్యాంకాక్ కేంద్రంగా పనిచేసే ఆసియా–పసిఫిక్ జలసాగు కేంద్రాల సమాఖ్యతో కలిసి చిన్నరైతులకు సాగు పద్ధతులను గ్రామస్థాయిలో నేర్పే కార్యక్రమం నడిపింది. ఆ అనుభవం నుంచే 2007లో చిన్నరైతుల సంఘాల కోసం జాతీయ సుస్థిర జలసాగు కేంద్రం ఏర్పడింది. రైతులు సంఘంగా ఏర్పడి ఒకేసారి సీడు వేయడం, వ్యాధి వచ్చిన చెరువు నీటిని ఏటిలోకి వదలకపోవడం వంటి కట్టుబాట్లు ఈ శిక్షణ సారం. 2009లో అమెరికా ఖండపు వనామీ రొయ్యకు అనుమతి లభించాక విదేశాలతో బంధం మరింత బలపడింది. తల్లిరొయ్యలు విదేశాల నుంచి దిగుమతి చేసుకోవలసి వచ్చింది.

ముగింపు

ఈ మూడు సందర్భాలూ ఒక్క తీరానివే అయినా ఒక్క కథ కావు. కరవు కాలువలో అక్షరం, లెక్క అందినవారికి మార్గం ఏర్పడింది. రొయ్యల సాగులో రైతు స్వయంగా నిర్ణేత అయిన మేరకు విద్య అతనిదైంది. సంఘం లేని చోట నష్టమూ అతనిదే అయింది. కావలిలో నిధులు, సంస్థ, పాఠ్యక్రమం, ఉపాధి అన్నీ ఉన్నాయి. లేనిది విడిచిపోయే హక్కు. అది లేనందున మిగిలినవన్నీ నిర్బంధానికి సాధనాలయ్యాయి.

ఈ ప్రశ్న గతానికి పరిమితం కాదు. 2017 అక్టోబరులో భారత్, జపాన్ సాంకేతిక శిక్షణార్థుల పథకంపై సహకార ఒప్పందం చేసుకొన్నాయి. ఆ పథకంలో శిక్షణార్థి యజమానిని మార్చుకోవడం చాలా కష్టమన్న విమర్శ జపాన్‌లోనే బలపడింది. 2024లో అక్కడి చట్టసభ దాని స్థానంలో, కొన్ని షరతులతో యజమానిని మార్చుకోవడానికి వీలిచ్చే కొత్త విధానాన్ని ఆమోదించింది. స్వచ్ఛందంగా విమానం ఎక్కిన యువకునికీ, వేలిముద్రతో కావలిలో నమోదైన ఎరుకల యువకునికీ పోలిక పెట్టడం సరికాదు. కాని ఏ ఒప్పందాన్నయినా పరీక్షించవలసిన గీటురాయి ఒక్కటే.

తెలుగు పరిశోధనకు ఇక్కడ ప్రత్యేకమైన పని ఉంది. ప్రభుత్వ పత్రాలు ‘నేరస్థ జాతి’ అని రాసుకొన్న చోట, మన భాష ఉప్పు, దబ్బ, కుంచె, ఈతపుల్ల అని వృత్తులను పేరుపేరునా నమోదు చేసింది. వృత్తిపదకోశ నిర్మాణాన్ని నెల్లూరు తీరానికీ, అక్కడి సంచారజాతులకూ విస్తరింపజేస్తే, నైపుణ్యం లేనివారని ముద్రపడిన వారి నైపుణ్యాల జాబితా వారి పేర్లలోంచే మనకు దొరుకుతుంది. శిక్షణ ప్రణాళిక రాసేవారు మొదట చదవవలసిన పత్రం అదే.